కొమ్ముల బండి ముందు దీపం

ఆ దసరా పొద్దున ఇంట్లో ఆరుగురున్నారు. వసారాలో వత్తులు చేస్తూ బాపమ్మ భూమవ్వ. పొయ్యి దగ్గర తల్లి లస్మవ్వ. జమ్మికుంట పత్తి ప్రెస్సులో హమాలీ ముఠాకు మేస్త్రి అయిన బాపు దశరథం. కిందటేడు పత్తి బేలు మీదపడి నడుము పోగొట్టుకున్న చిన్నబాపు అంజన్న. వాకిలి పక్క గదిలో మిల్లు డ్రైవరు అజీముద్దీన్. వీళ్ళందరికీ నీళ్ళు తోడి, ఎవరి కంటా పడకుండా గోడల వెంబడి తిరిగే ఆ ఇంటి పిల్ల యాదవ్వ.

భూమవ్వను అడిగితే మాత్రం ఏడుగురని చెప్పేది. ఏడోది దొడ్లో, రేకుల కొట్టం కింద, ఒకప్పుడు ఎడ్లను కట్టేసిన చోట ఉంది. దాని ముందర రెండు ఇనుప కొమ్ములు నేలకు ఆనుకుని ఉన్నాయి. వెనక వీపు మీద గ్యాసు బుడ్డి పడుకోబెట్టి, పట్టీలతో బిగించి ఉంది. మిల్లు కాగితాల్లో దాని పేరు ఏముందో గాని, హమాలీలు కొమ్ముల బండి అన్నారు. ఊరు ఊరంతా ఆ పేరే పట్టుకుంది.

అది అరవై ఆరో సంవత్సరం. బండి వచ్చి రెండు నెలలు కాలేదు. మిల్లు సేటు దాన్ని బొంబాయి రేవులో పాతదిగా కొని, రైల్లో వేయించాడు. దాంతోపాటే అజీముద్దీన్ వచ్చాడు. మిల్లు గోడను ఆనుకున్న ఆ ఇల్లు మిల్లుదే. రాత్రిపూట పత్తి పక్కన గ్యాసు ఉండకూడదని సేటు తేల్చి చెప్పాడు కాబట్టి బండి దశరథం దొడ్లోకీ, డ్రైవరు దశరథం ముందరి గదిలోకీ వచ్చి పడ్డారు.

మొదటి సాయంత్రమే భూమవ్వ ఊరుకోలేదు.

"దానికి పలుపు కట్టుండ్రి" అంది.

"అవ్వా, గది ఎద్దు గాదే" అన్నాడు దశరథం.

"ఎద్దయితే నాకు భయమేందిరా? ఎద్దు ఎటు పోతదో నాకెరుకే. గిది ఎటు పోతదో నీకెరుకనా?"

దశరథం కట్టాడు. రోజూ పొద్దున అజీముద్దీన్ ఆ ముడి విప్పి, పలుపు చుట్ట చుట్టి గుంజకు తగిలించి, అప్పుడు బండి బయటికి తీసేవాడు. ఒక్కనాడూ నవ్వలేదు. నవ్వకపోవడమే భూమవ్వకు అనుమానమైంది.

"నవ్వే మనిషి కడుపుల ఏమున్నదో జర తెలుస్తది. గాయన కడుపుల ఏమున్నదో ఆ బుడ్డిల ఉన్నంత చీకటి."

ఇంట్లో ఎవరి అనుమానం వాళ్ళది. లస్మవ్వకు వాసన అనుమానం. బుడ్డి మార్చిన రోజు దొడ్లో మురిగిన ఉల్లిగడ్డ వాసన కొడితే, ఆయన ఏదో వండుకుంటున్నాడని రెండు రోజులు ఆ గది వైపు చెంబెడు నీళ్ళు కూడా పంపలేదు. దశరథానికి పని అనుమానం. నలుగురు హమాలీలు కొక్కేలు దించి, "హైస్సా" అని ఊపిరి బిగించి లేపే బేలును ఆ బండి చప్పుడు చేస్తూ ఎత్తి, గోదాములో తల ఎత్తు మీద పేర్చేది. దసరా దాటినాక ముఠాలో సగం మందిని తీసేస్తారన్న మాట మిల్లులో అప్పటికే తిరుగుతోంది. సేటు కాదనలేదు, అవుననలేదు.

అంజన్న మీద అందరికీ అనుమానం. మనిషి పొద్దస్తమానం నులక మంచం కొట్టం పక్కకు లాక్కుని బండినే చూస్తూ పడుకునేవాడు.

"అన్నా, గిది ఒక్క ఏడు ముందుగల్ల వస్తే నా నడుము నాకుంటుండె" అన్నాడొకసారి.

"నీ నడుము ఉంటుండె, మా పొట్టలు పోతుండె" అన్నాడు దశరథం. ఆ తర్వాత అన్నదమ్ములు ఒక పళ్ళెం దగ్గర కూర్చుని తిన్నది తక్కువ.

యాదవ్వకు పదిహేనేళ్ళు. అమ్మమ్మ ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివి వచ్చింది. కొత్త మనిషి ఎదురుపడితే ఆమె నాలుక అంగిట్లో అంటుకుపోయేది. అజీముద్దీన్‌కు రొట్టె ఇచ్చి రమ్మంటే గడప మీద పెట్టి, తలుపు మీద ఒక్క వేలితో కొట్టి, ఆయన వచ్చేలోగా పారిపోయేది. కాని సాయంత్రాలు ఆయన అంజన్నతో మాట్లాడుతుంటే కొట్టం గుంజ వెనక నిలబడి వినేది. ఆయన మాటల్లో బండ్లు మనుషుల్లా ఉండేవి. పుట్టేవి, అలిగేవి, బుద్ధి మార్చుకునేవి.

"బొగ్గు బస్సు చూసినవా అంజన్నా? నిజాం సర్కారు జమానాల, యుద్ధం నడిచేటప్పుడు. పెట్రోలు దొరకదు. బస్సు ఎనక ఇనుప పొయ్యి, అండ్ల బొగ్గు. తెల్లారకముందు లేసి పంఖా తిప్పాలె. పొయ్యిలకెల్లి గ్యాసు గొట్టంల పడి ఇంజనుకు పోయేది. కరీంనగర్ సడక్ మీద ఎత్తు వస్తే బస్సు ఆగుతుండె, పాసింజర్లు దిగి నూకుతుండె. టికెట్ తీసుకున్నది నూకెటందుకా అని తిట్టేటోళ్ళు."

"నువ్వు గూడ నూకినవా?"

"నేను పంఖా తిప్పేటోణ్ణి. మా ఉస్తాద్ ఒక్కనాడు చలికి షెడ్డు తలుపులు మూసి, గా పొయ్యి పక్కకే పండుకున్నడు. మల్ల లేవలే. గా గ్యాసుకు వాసన లేదు, రంగు లేదు." అజీముద్దీన్ కాసేపు బీడీ కోసం జేబు తడుముకున్నాడు, బండి వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తర్వాత బొంబాయి పోయిన. రేవుల గిసొంటి ఎత్తే బండ్లు పెట్రోలుతోని నడుస్తుండె. జహాజు కడుపుల దింపితే పొగకు హమాలీలు కక్కుకునేటోళ్ళు, కండ్లు తిరిగి పడేటోళ్ళు. గందుకని గీ బుడ్డి పెట్టిండ్రు. పొగ కండ్లను మండియ్యదు. పత్తికి మసి అంటదు."

"మరి గీ గ్యాసుకు వాసనున్నది గదా?"

"దీనికి గూడ సొంతంగ లేదు. కారితే తెల్వాలెనని కంపెనోళ్ళు కలిపిండ్రు."

వసారాలోంచి భూమవ్వ గొంతు వచ్చింది. "వాసన లేనిదానికి వాసన పూసుడేంది? ఏదో దాచవెట్టనీకే."

దసరాకు నాలుగు రోజుల ముందు అంజన్న నడుముకు నూనె రాయించుకోవడానికి పోయాడు. దొడ్లో ఎవరూ లేరు. అజీముద్దీన్ ఖాళీ బుడ్డి దించి నిండు బుడ్డి ఎక్కిస్తూ, గుంజ వెనక లంగా అంచు చూసినట్టున్నాడు.

"బేటీ, జర గీ పానా పట్టు."

యాదవ్వ కదలలేదు. ఆయన మళ్ళీ అడగలేదు, పానా చాపి ఊరుకున్నాడు. కాసేపటికి ఆమే వచ్చి పట్టుకుంది. బుడ్డికీ రబ్బరు గొట్టానికీ మధ్య ఇత్తడి నట్టు ఉంది.

"ఊడదియ్యి చూద్దాం."

లాంతరు మూత తిప్పినట్టు, అందరూ అన్నిటినీ తిప్పినట్టు తిప్పింది. నట్టు ఇంకా బిగుసుకుంది. అప్పుడు అజీముద్దీన్ నవ్వాడు. ముందర ఒక పన్ను లేదు.

"ఉల్టా మర. దునియల అన్నీ ఒక దిక్కు ఊడుతయి, గిది ఇంకో దిక్కు. తెలవనోడు చెయ్యి పెడితే ఊడొద్దని గట్ల చేసిండ్రు. మిల్లుల గూడ ఎవ్వలకు చెప్పలే. నువ్వు గూడ చెప్పకు."

యాదవ్వ తల ఊపింది. జీవితంలో మొదటిసారి, ఆమెకు తెలిసిన ఒక సంగతి ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

ఆ సాయంత్రం బాపు అన్నం తింటుంటే పక్కన నీళ్ళు పెట్టి నిలబడింది. ఆయన ముఖం దిగాలుగా ఉంది. నవ్వుతాడేమోనని, ఎందుకు నోరు తెరిచిందో తెలియకుండానే తెరిచింది. "బాపూ, గా బండి నట్టు ఉల్టా తిరుగుతది ఎరుకేనా?"

దశరథం ముద్ద ఆపాడు. "ఎట్ల?"

చెప్పింది. ఆయన ఎడమ చేత్తో చెంబు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "గిటా, గటా?"

"గటు."

"మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పింది. బాపు ఆమె మాటను రెండోసారి అడిగి వినడం అదే మొదలు. పళ్ళెంలోని బెల్లం ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. అది నోట్లో కరిగిపోయేదాకా యాదవ్వకు ఏ అనుమానమూ రాలేదు.

ఇక దసరా పొద్దున. మిల్లు హమాలీలకు ఆ రోజు కొక్కేల పండుగ. ఏడాదంతా బేళ్ళను పట్టిన కొక్కేలను చింతపండుతో తోమి, మేస్త్రి దొడ్లో పీట మీద వరుసగా పెట్టి, పసుపు కుంకుమ రాసి, కొబ్బరికాయ కొడతారు. మేస్త్రి ఇంటి పెద్దమ్మ దీపం చూపాలి. దీపం చూడని కొక్కెం ఆ ఏడు బేలును పట్టదు, జారిన బేలు మనిషిని పడుతుంది. అంజన్న కొక్కెం కిందటేడు దొరకలేదు, దీపం చూపలేదు. ఆ సంగతి పైకి ఎవరూ అనరు, మరిచిపోరు.

తెల్లారి యాదవ్వ వాకిలి ఊడుస్తుంటే అంజన్న కొట్టంలోంచి గోడ పట్టుకుంటూ వస్తున్నాడు. చేతులు రెండూ వెనక దాచుకున్నాడు.

"ఏంది చిన్నబాపూ?"

"ఏం లే. నీ పని జూసుకో."

చేతులు మోచేతి దాకా పచ్చగా ఉండటం ఆమె చూసింది. తర్వాత వెళ్ళి చూస్తే బండి కొమ్ములకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి, ఎద్దు కొమ్ములకు పెట్టినంత శ్రద్ధగా. యాదవ్వకు నవ్వొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

ఎండ దొడ్లోకి దిగేసరికి ముఠా అంతా వచ్చింది. అందరికంటే ముందు హమాలీ అంబదాస్ గొంతు వచ్చింది. మిల్లు తరఫున గుమాస్తా లింగమూర్తి కొబ్బరికాయ పట్టుకుని వచ్చి, కుర్చీ లేదా అన్నట్టు చుట్టూ చూశాడు. పూజ అయినాక బండి నడిపి చూపమని, సేటు స్వయంగా వస్తాడని చెప్పాడు. అజీముద్దీన్ బయట బావి దగ్గర ముఖం కడుగుతున్నాడు.

భూమవ్వ కొత్త చీర కట్టుకుని, పళ్ళెంలో దీపం వెలిగించుకుని వచ్చింది. కొక్కేలకు చూపింది. తర్వాత తిరిగింది. కొట్టం వైపు చూసింది. పచ్చటి కొమ్ములు ఆమె కంట పడ్డాయి.

"ఎవ్వలు రాసిండ్రో రాసిండ్రు" అంది. "పసుపు రాసినంక దీపం చూపకుంటే అది మనల్ని ఊకుంటదా? బరువు మోసేదే గదా గది గూడ."

రెండడుగులు వేసింది.

"అవ్వా!" దశరథం అరిచాడు. "ఆగు! గా బండి కాడికి దీపం తీస్కపోకు!"

ముఠాలో ఒకరిద్దరు మెచ్చుకోలుగా తలలూపారు. బండికి పూజేమిటన్న కోపమే మేస్త్రి గొంతులో వాళ్ళకు వినిపించింది. యాదవ్వ మాత్రం ఆయన కాళ్ళు చూసింది. కోపం వచ్చిన మనిషి ముందుకు వస్తాడు. బాపు వెనక్కి జరుగుతున్నాడు.

భూమవ్వకు కొడుకు మాట వినే అలవాటు లేదు. మూడో అడుగు వేసింది. అప్పుడే బావి నుంచి వస్తున్న అజీముద్దీన్ గడపలో ఆగి, గాలి పీల్చి, "హటో!" అని కేకపెట్టి, చేతిలోని బకెట్ నీళ్ళు మొత్తం ముసలమ్మ మీద గుమ్మరించాడు.

దీపం ఆరింది. పళ్ళెం కింద పడి గిర్రున తిరిగి తిరిగి ఆగింది.

"పండుగ పూట దీపమార్పిండు!" అంబదాస్ ముందుకు దూకాడు. "ముసల్దాన్ని తడిపిండు! చేతులు ఇరుగ్గొట్టుండ్రి వాంది!"

"గ్యాసు కారుతున్నది! బీడీలు పడేయిండ్రి! గది ఎగిరిపోదు, నేల మీదనే పండుకుంటది, నీళ్ళ లెక్క!" అజీముద్దీన్ ఎవరినీ చూడకుండా బండి వెనక్కి పరిగెత్తాడు. బుడ్డి మీది గ్యాసు మూత తిప్పి బిగించాడు. మురిగిన ఉల్లిగడ్డ వాసన అప్పుడు అందరికీ తెలిసింది. భూమవ్వ కొంగు పిండుకుంటూ, "నేననలేదా? నేననలేదా?" అంటోంది. ఏమందో ఆమెకే తెలియదు.

కాసేపటికి అజీముద్దీన్ నట్టు వేళ్ళతో కదిలించి చూపాడు.

"ఎవ్వలో ఊడదీసిండ్రు. మూత గూడ తెరిసిండ్రు."

"అంజన్న పొద్దుగాల బండి కాడనే ఉండె" అన్నాడెవరో. అంజన్న పచ్చటి చేతులు అందరికీ కనిపించాయి.

"నేను కొమ్ములకు పసుపు పెట్టిన. అంతే. నా మీద ఒట్టు."

యాదవ్వ ఇత్తడి నట్టు వైపు చూసింది. తళతళా మెరుస్తోంది. ఎక్కడా పసుపు మరక లేదు. చిన్నబాపు కాదు. ఆ మాట ఆమె గొంతు దాకా వచ్చి ఆగింది. చిన్నబాపు కాకపోతే ఎవరన్నది దాని వెనకే ఉంది.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఎవ్వడో హమాలీ తిప్పి ఉంటడు. అంతేనా?"

"హమాలీ తిప్పితే ఊడదు సాబ్." అజీముద్దీన్ ఆ మాట ఆలోచించకుండానే అన్నాడు. "నువ్వు రా, తిప్పు."

అంబదాస్ పానా లాక్కుని బలమంతా పెట్టి తిప్పాడు. నట్టు కిర్రుమని బిగుసుకుంది.

"చూసినవా? ఉల్టా మర. ఎరుకున్నోడే ఊడదియ్యగల్గుతడు."

అంబదాస్ పానా కింద పెట్టి నెమ్మదిగా నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"ఎరుకున్నోడు ఎవ్వడు మరి?"

అజీముద్దీన్ నోరు తెరిచాడు. ఆయన కళ్ళు ఒక్క క్షణం గుంజ వెనకకు వచ్చాయి. అక్కడ యాదవ్వ ఉంది. ఆయన నోరు మూసుకున్నాడు.

"నువ్వొక్కనివే గదా!" అంబదాస్ చప్పట్లు కొట్టాడు. "నువ్వే ఊడదీస్తివి, నువ్వే కనిపెడితివి, నువ్వే దీపమార్పితివి! సేటు వచ్చే పూట పెద్ద మనిషి అయిపోదామని!"

"లేకుంటే మా మీదికి తోసెటందుకు" అన్నాడు ఇంకొకడు.

గుమాస్తా ఎక్కువ సేపు ఆలోచించలేదు. పండుగ పూట గొడవ వద్దన్నాడు. సేటుకు తాను చెప్పుకుంటానన్నాడు. బండికి తాటిపత్రి పట్టా కప్పి పెట్టమన్నాడు, డ్రైవరు సాయంత్రం రైలుకు పోవాలన్నాడు. దశరథం అంతసేపూ పీట ముందు కూర్చుని, ఆరిపోయిన దీపంలోంచి తడి వత్తి తీస్తున్నాడు. తలంటుకున్న మనిషి గోళ్ళ కింద నల్లటి జిడ్డు ఉంది.

యాదవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతుల మీద పోసింది. బాపు చేతులు కడుక్కున్నాడు, కళ్ళెత్తలేదు.

"బాపూ" అంది.

"లోపలికి పో."

"బాపమ్మ చీర అంటుకుంటుండె."

"లోపలికి పొమ్మన్ననా లేదా?" గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "గాలే గదా అనుకున్న బిడ్డా. గాలి గాల్ల కలుస్తదనుకున్న. బండి నడవకుంటే సేటు ముందట ఇజ్జత్ పోతది, వాపసు పంపుతరు, అంతే అనుకున్న." అని, తాను మాట్లాడిన సంగతి అప్పుడే తెలిసినట్టు లేచి ముఠాలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. లస్మవ్వ పొయ్యి దగ్గరే కూర్చుంది. కూతురు ముఖం చూసి, ఏం తెలిసిందో గాని, "నోరు లేని పిల్లవు. ఉన్నట్టే ఉండు" అంది.

యాదవ్వ రొట్టె పట్టుకుని బయటికి వచ్చింది. ఈసారి గడప మీద పెట్టలేదు. ముందరి గది తలుపు బార్లా తెరిచి ఉంది. అజీముద్దీన్ పరుపు చుట్టకు తాడు బిగిస్తున్నాడు. పక్కన పానాలు గుడ్డలో కట్టి ఉన్నాయి. ఆమెను చూసి లేవలేదు.

"చాచా." ఆమె ఆయన్ను పిలవడం అదే మొదలు. "ఊడదీసింది మా బాపు. ఉల్టా అని నేనే చెప్పిన బాపుకు."

ఆయన చేతులు ఆగాయి.

"ఇయ్యాల్నెందుకు చెప్తున్నవ్?"

"మీరు పోతుండ్రని."

"పొద్దుగాల నేను నీ దిక్కు చూసిన. అప్పుడు నీ నోటికి ఏమాయె?"

"బాపు దీపం వద్దని మీకంటే ముందుగల్లనే ఒర్రిండు" అంది. "వాసన రాకముందుగల్లనే."

"మేస్త్రి నా బండికి పూజ వద్దన్నడు. ముఠా అంత విన్నది, మెచ్చుకున్నది." ఆయన లేచి తలుపు దగ్గరికి వచ్చాడు. పొద్దున ఉన్న కోపం ఆ ముఖంలో లేదు, చల్లగా లెక్క వేసుకుంటున్న చూపు ఉంది. "గుమాస్తా ముందర చెప్తవా గీ మాట?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. దొడ్లో ముఠా ఇంకా ఉంది. దశరథం పీట మీది కొక్కేలు ఒక్కొక్కటే తీసి ఎవరివి వాళ్ళకు ఇస్తున్నాడు. ఒక కొక్కెం చేతిలో అలాగే పట్టుకుని, గది వైపు, కూతురు వైపు చూస్తూ ఆగిపోయాడు. అంబదాస్ కూడా చూస్తున్నాడు.

"చెప్తవా?"

యాదవ్వ నాలుక అంగిట్లో అంటుకుపోయింది.

అజీముద్దీన్ ఆమె తల మీదుగా దొడ్లోకి చూశాడు. దశరథాన్ని చూశాడు, అంబదాస్‌ను చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు.

"నిన్ను పంపింది ఎవ్వలు?"

"ఎవ్వలు పంపలే. నేనే..."

"నేను పోయి మేస్త్రి పేరు తీస్త. నువ్వు నేననలే అంటవు. పండుగ పూట దీపమార్పింది చాలక మేస్త్రి మీద నింద పెట్టిండని మీదికొస్తరు. నేను స్టేషన్ దాక పోతనా? మంచిగున్నది బేటీ. మంచిగ ఆలోచించిండ్రు."

"లే చాచా, నా మీద ఒట్టు..."

"మీ చిన్నబాపు గూడ ఒట్టు పెట్టుకున్నడు. ఎవ్వలన్న నమ్మిండ్రా?" ఆయన చెయ్యి తలుపు రెక్క మీద పడింది. "ఊళ్ళె ఒక్కల్నంటే ఒక్కల్ని నమ్మి చెప్పిన."

రొట్టె ఆమె చేతిలోనే ఉంది. ఆయన దాని వైపు చూశాడు, తీసుకోలేదు. తలుపు ఆమె ముఖం మీద నెమ్మదిగా మూసుకుంది. లోపల గొళ్ళెం పడింది.